నాలుగో మాటను తొందరగా దాటేయకండి

సంపాదకులు గారికి, నమస్కారం.

ఏటా గుడ్ ఫ్రైడేకి తెలుగు పత్రికల్లో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి వ్యాసాలు వస్తుంటాయి. మన సంఘాల్లోనూ ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఏడుగురు లేచి ఏడు మాటలు చెబుతారు. క్షమాపణ గురించిన మొదటి మాట, దొంగకు పరదైసు మాట ఇచ్చిన రెండోది, తల్లిని శిష్యుడికి అప్పగించిన మూడోది. వీటి మీద చెప్పేవాళ్ళు ఎక్కడా తడుముకోరు. నాలుగో మాట దగ్గరే చిక్కు. "ఏలీ, ఏలీ, లామా సబక్తానీ", అంటే "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని చదివి, మన పాపభారం మోశాడు కాబట్టి అలా అన్నాడని ఒక్క ముక్కలో తేల్చేసి, ఐదో మాటలోకో ఆదివారం పునరుత్థానంలోకో జరిగిపోతారు. చెప్పింది తప్పని నేననను. అయితే ఎదురుగా చాపల మీద కూర్చున్నవాళ్ళలో ఆ ఏడాది బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఉంటుంది. డయాలిసిస్‌కి వారానికి మూడుసార్లు వెళ్ళొచ్చే మనిషి ఉంటాడు. "నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్న మాట వాళ్ళు రాత్రిపూట గొంతులో నొక్కిపట్టి ఉంచుతున్న మాటే. దాన్ని బయటికి పలకొచ్చని, ఎలా పలకాలో ఇదిగో అని వాళ్ళకు చెప్పేవాళ్ళు తక్కువ. ఈ ఉత్తరం అందుకే.

మత్తయి, మార్కు సువార్తల్లో సిలువ మీద యేసు పలికినట్టు రాసిన మాట ఇదొక్కటే. మిగతా ఆరూ లూకాలో, యోహానులో ఉన్నాయి. ఆయన ఆ మాటను 22వ కీర్తన మొదటి వచనం నుంచి తీసుకున్నాడు. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన ప్రార్థన ప్రాణం పోయేటప్పుడు నోట్లోకి వచ్చింది. అదే కీర్తన చివర స్తుతి ఉంది కదా, యేసు మనసులో ఉన్నది అదేనని కొందరు సర్దిచెబుతారు. ఉండొచ్చు. కానీ నోరు తెరిచి ఆయన పలికింది చివరి వచనం కాదు, మొదటిది. అందులో "నా దేవా" అని రెండుసార్లు ఉంది. దేవుడు లేడనుకున్నవాడు దేవుణ్ణి పేరు పెట్టి పిలిచి నిలదీయడు. కాబట్టి కష్టంలో "నువ్వెక్కడున్నావయ్యా" అని అడిగిన విశ్వాసిని చూసి వీడి విశ్వాసం పోయిందని ఎవరూ తీర్మానించకూడదు. అడగడం మానేసినప్పుడు కంగారు పడాలి.

బైబిల్లోని 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఇలాంటి మొరలే. మన ఆరాధనల్లో మాత్రం 23, 91, 121, 103 తిరిగి తిరిగి వినిపిస్తాయి. 13, 42, 77, 88 ఎప్పుడో గాని వినిపించవు. 13వ కీర్తనను దగ్గరగా చూడండి, మొర పెట్టడం నేర్చుకోవడానికి అంతకన్నా చిన్న పాఠం లేదు. మొత్తం ఆరు వచనాలు. మొదటి రెండూ ప్రశ్నలే: "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలుపెట్టి, ఎంతవరకు, ఎంతవరకు అంటూ గుమ్మం దగ్గర నిలబడి తలుపు కొడుతున్నట్టే ఉంటుంది. తర్వాతి రెండూ మనవి: నా వైపు చూడు, జవాబియ్యి, నా కళ్ళకు వెలుగియ్యి. ఐదో వచనం "నేనైతే" అన్న ఒక్క మాటతో తిరుగుతుంది. శత్రువు పోలేదు, రోగం తగ్గలేదు, జవాబు రాలేదు. పరిస్థితి అలాగే ఉండగా, నేనైతే నీ కృపనే నమ్ముకున్నాను అంటున్నాడు ఆ కీర్తన రాసిన దావీదు.

దీన్ని ఇంట్లో వాడుకునే పద్ధతి ఇది. రోజూ ఒకే వేళ, పది నిమిషాలకు మించకుండా, గొంతు విప్పి చదవండి. మనసులో చదివితే నాలుగో పంక్తికే ఆలోచన ఆసుపత్రి బిల్లు మీదికి పోతుంది. చెవికి వినపడితే మనసు కాస్త నిలబడుతుంది. మొదటి వారం దావీదు మాటలే చదవండి. రెండో వారం ఒక నోటుబుక్కు తీసుకుని అదే వరుసలో మీ మాటలు రాయండి: ఎవర్ని పిలుస్తున్నారో ఒక పంక్తి, ఏం జరిగిందో నాలుగైదు పంక్తులు, ఏం కావాలో రెండు పంక్తులు, "నేనైతే" అని మొదలయ్యేది ఒకటి. ఏం జరిగిందో రాసేటప్పుడు "నా కష్టాలు తీర్చు" అని రాస్తే సరిపోదు. ఉద్యోగం ఏ నెలలో పోయింది, ఎవరు ఏమన్నారు, ఏ వేళకు గుండె బరువెక్కుతోంది, అలా రాయాలి. పొడిపొడిగా రాసిన మొర మనల్నే కదిలించదు. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, రెండు పంక్తులు ఏడ్చి వెంటనే "అయినా స్తోత్రం" అని రాసేయడం. భయం వల్ల అలా రాస్తారు. ఫిర్యాదు చేస్తే దేవుడికి కోపం వస్తుందేమోనని. లోపల మిగిలిపోయిన బాధ మాత్రం పోదు, చేదుగా మారి ఇంట్లోవాళ్ళ మీద పడుతుంది. "నేనైతే" పంక్తి రాని రోజున ఖాళీగా వదిలేయండి. తేదీ మాత్రం వేయండి.

అలా ఖాళీగా వదిలేయవచ్చా అని అడిగేవాళ్ళకు 88వ కీర్తన జవాబు. ఎజ్రాహీయుడైన హేమాను రాసింది, 18 వచనాలు. మొదట్లో "నాకు రక్షణకర్తవగు దేవా" అన్న పిలుపు తప్ప ఆదరణ మాట ఒక్కటీ లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. వెలుగు రాదు, పాట మారదు. అయినా దాన్ని ఎవరూ తీసేయలేదు, చివర ఒక మంచి మాట అతికించలేదు. మిగతా కీర్తనల మధ్య అలాగే ఉంచారు. హేమాను చేసింది ఒక్కటే, పొద్దునా రాత్రీ పిలవడం మానలేదు. ఏ రోజైనా అంతకు మించి చేయలేకపోతే, ఆ రోజుకు అదే విశ్వాసం. అది చాలు.

ఇక వాగ్దాన కార్డుల సంగతి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, పన్నెండు దాటగానే బైబిలు వచనం అచ్చువేసి పళ్ళెంలో బోర్లించి ఉన్న రంగు కార్డుల్లోంచి ఒకటి తీసుకోవడం మన తెలుగు సంఘాల్లో ఎంత ప్రియమైన ఆచారమో అందరికీ తెలుసు. దాన్ని బీరువా తలుపుకి అంటించుకుంటారు. నేను ఆ ఆచారాన్ని మానమనడం లేదు. కానీ మార్చి నెలలో ఇంట్లో పెద్దదిక్కు పోతే ఆ కార్డు వైపు చూడడం కష్టమవుతుంది. దేవుడు మాట తప్పాడా, లేక నా విశ్వాసం చాలలేదా అన్న రెండు ప్రశ్నల మధ్య మనిషి నలిగిపోతాడు. లోపం కార్డు మీద సగమే అచ్చవడంలో ఉంది. ఎక్కువగా కనిపించే యిర్మీయా 29:11నే తీసుకోండి, సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు అన్న మాట. అది బబులోనుకు చెరపట్టుకుపోయిన ప్రజలకు రాసిన ఉత్తరంలోది. దాని పై వచనం, అంటే పదోది, డెబ్బై ఏళ్ళు పడుతుందని చెబుతోంది. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి యెరూషలేమును చూడకుండానే పోయి ఉంటారు. ఐదో వచనం ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి అంటోంది. కష్టం ఉన్నచోటే బతకడానికి ఇచ్చిన ధైర్యం అది, కష్టం రాదన్న హామీగా దాన్ని ఎవరూ రాయలేదు. క్యాలెండర్ల మీద కనిపించే విలాపవాక్యములు మూడో అధ్యాయం మాట కూడా అంతే. వాత్సల్యత ప్రతి ఉదయం కొత్తగా పుడుతుందని 22, 23 వచనాలు అంటాయి. నేను మొరపెట్టినా నా ప్రార్థన వినకుండా చెవి మూసుకున్నాడని అదే అధ్యాయం ఎనిమిదో వచనం అంటుంది. రెండూ ఒకే నోటి నుంచి వచ్చాయి. మీ కార్డు మీద ఏ వచనం వచ్చినా, జనవరి మొదటి వారంలోనే బైబిలు తెరిచి ముందు పది వచనాలు, వెనక పది వచనాలు చదివి పెట్టుకోండి. ఆపద వచ్చాక చదవడానికి ఓపిక ఉండదు.

పరామర్శకు వెళ్ళేవాళ్ళతో రెండు మాటలు. బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు ముగ్గురూ, ఎలీఫజు, బిల్దదు, జోఫరు, మొదట చేసింది గొప్ప పని. ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన కూర్చున్నారు, ఒక్కమాటా మాట్లాడలేదు. నోరు తెరిచాకే పాడుచేశారు. ఏదో పాపం చేసి ఉంటావు, ఒప్పుకో అన్నారు. పుస్తకం చివర దేవుడు, నన్ను గురించి సరిగ్గా మాట్లాడింది యోబే, మీరు కాదు అన్నాడు. అధ్యాయాల పొడుగునా దేవుణ్ణి నిలదీసిన యోబు గురించి అన్న మాట అది! పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవడు పాపం చేశాడని శిష్యులు అడిగితే వీడూ కాదు, వీని కన్నవారూ కాదు అని యేసు తేల్చి చెప్పాడు. సిలోయములో గోపురం కూలి చచ్చిన పద్దెనిమిదిమంది మిగతావాళ్ళకన్నా పాపులేమీ కారనీ అన్నాడు. ఇంత స్పష్టంగా ఉన్నా, మన ఆదరణ కూడికల్లో "ఇంట్లో ఏదైనా దాచిన పాపం ఉందేమో చూసుకోండి", "మంచివాళ్ళను ముందే తీసుకుపోతాడు", "విశ్వాసంతో ప్రార్థించి ఉంటే లేచేవాడు" అన్న మాటలు ఇంకా వినిపిస్తున్నాయి. రెండోది ఓదార్పులాగే ఉంటుంది గాని, చనిపోయిన పిల్లాడి చెల్లెలు పక్కనే నిలబడి వింటోందని గుర్తుంచుకోండి. నేను మంచిదాన్నయితే నన్నూ తీసుకుపోతాడా అని ఆ పిల్ల భయపడుతుంది.

వెళ్ళినప్పుడు ఇరవై నిమిషాలకు మించి కూర్చోవద్దు. ఒక కీర్తన, రెండు నిమిషాల ప్రార్థన, ఆ ప్రార్థనలో చనిపోయినవారి పేరు. ప్రసంగం వద్దు. "ఏమైనా కావాలంటే చెప్పండి" అని వచ్చేస్తే ఎవరూ చెప్పరు. గ్యాస్ బుక్ చేయాలా, పిల్లల్ని బడికి దింపాలా, డెత్ సర్టిఫికెట్‌కి ఎవరైనా తోడు రావాలా అని విడివిడిగా అడగండి. ఇంకో ముఖ్యమైన సంగతి, మొదటి పది రోజులు ఇల్లు జనంతో కిటకిటలాడుతుంది, నెల తిరిగేసరికి ఎవరూ రారు. దేవుడు విడిచిపెట్టాడన్న తలపు గట్టిపడేది ఆ ఖాళీలోనే, ఎందుకంటే దేవుడి మనుషులు విడిచిపెట్టారు. ప్రతి సంఘంలో ఒకరు డైరీ పెట్టాలి. నలభయ్యో రోజు, మూడో నెల, పోయినవారి పుట్టినరోజు, మొదటి క్రిస్మస్, ఏడాది, ఈ ఐదు తేదీలు మరణం జరిగిన రోజే ముందుగా రాసుకుని, ఒక్కో తేదీకి ఇద్దరి పేర్లు వేయాలి. ఖర్చు లేని పని.

శరీరం గురించి చెప్పకుండా విశ్వాసం గురించి చెప్పడం సగం చెప్పడమే. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద కూలబడి నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత అతన్ని మందలించలేదు, వాక్యం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ళ బుడ్డి తలదగ్గర పెట్టి తినమన్నాడు. తిని పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. "నీ శక్తికి మించిన ప్రయాణము" అన్న మాట రెండో భోజనం దగ్గర వస్తుంది. దేవుడి మెల్లని స్వరం వినిపించింది ఆ తర్వాత నలభై రోజుల నడక అయ్యాకే. దుఃఖంలో ఉన్న మనిషికి ముందు నిద్ర, రెండు పూటల అన్నం. ఆ తర్వాతే ఉపవాస ప్రార్థన.

ఉపవాసాల సంగతే మరింత జాగ్రత్తగా చూడాలి. ఈస్టరుకు ముందు శ్రమల కాలంలో నలభై రోజులు పొద్దున ఏమీ తినకుండా ఉండేవాళ్ళలో షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళుంటారు. మందు వేసుకుని తిండి మానేస్తే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. అప్పుడు చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడడం మొదలవుతాయి. ప్రార్థనలో ఉండగా ఇవి వస్తే ఆత్మ కుమ్మరింపనో దురాత్మ అనో పొరబడి గంటసేపు చేతులుంచిన సందర్భాలు జరగడానికి ఆస్కారం ఉంది. స్పృహలో ఉంటే వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్ళీ పరీక్షించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. అలాంటివాళ్ళు అన్నం బదులు టీవీనో ఫోన్‌నో మానితే ఉపవాసానికి ఏ లోటూ లేదు.

మందులు మానితేనే విశ్వాసం అన్న బోధ ఎక్కడ వినిపించినా అక్కడే లేచి అడ్డుచెప్పాలి. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణమే పోవచ్చు. క్షయ మందులు ఆరు నెలలు వాడాల్సిన చోట, రెండు నెలలకే దగ్గు తగ్గిందని సాక్ష్యం చెప్పి ఆపేస్తే మందులకు లొంగని క్షయ తిరిగొస్తుంది. అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లులా బాధిస్తున్నదాన్ని తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. తోటి పనివాడు త్రోఫిము జబ్బుపడితే మిలేతులో వదిలి వచ్చానని ఆయనే రాశాడు. శిష్యుడైన తిమోతి కడుపు జబ్బుకి నాటి వైద్యం ప్రకారం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. ఆ ముగ్గురిలో ఎవరి విశ్వాసం తక్కువని అంటాం?

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి పోయి, దేని మీదా ఆసక్తి లేక, చచ్చిపోతే బాగుండు అనిపిస్తుంటే దాన్ని ప్రార్థన లోపం అనుకోకండి. వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి రోజులో ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఇంకా ఎక్కువ పట్టినా పట్టొచ్చు. వారానికే మానేస్తే మందు ఫలించలేదని, దేవుడూ వినలేదని రెండు నిరాశలు మిగులుతాయి. ఇలాంటి మనిషి ఇంట్లో ఉంటే అడగడానికి జంకవద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బా ఇంట్లోంచి తీసేయండి.

అన్ని కష్టాలూ సిలువలు కావు. తాగొచ్చి కొట్టే భర్తను భరించడమే నీ సిలువ అని ఆడపిల్లకు చెప్పడం పాపం. ఆమెకు కావాల్సింది మహిళల సహాయానికి ఉన్న 181 నంబరు, తలదాచుకోవడానికి ఒక ఇల్లు, వెంట నిలబడే పెద్దలు. అద్భుతం జరుగుతుందని చెప్పి కష్టంలో ఉన్నవాళ్ళతో అప్పుచేయించి విత్తన కానుక వేయించడం కూడా అలాంటిదే. వడ్డీ నెలనెలా పెరుగుతుంది, అద్భుతం జరగకపోతే నేరం మళ్ళీ వాళ్ళ విశ్వాసం మీదే పడుతుంది.

ఏ ఆపదా లేకుండానే దేవుడు దూరమైనట్టు ఉండే కాలం ఒకటుంటుంది, దాని గురించి మన దగ్గర మాటే లేదు. మదర్ థెరిసా 1948లో కోల్‌కతా మురికివాడల్లో పని మొదలుపెట్టిన కొద్దికాలానికే ఆ చీకటిలోకి వెళ్ళారు. మధ్యలో కొద్ది వారాలు తప్ప 1997లో కన్నుమూసేదాకా దాదాపు ఏభై ఏళ్ళు అది వదల్లేదని 2007లో అచ్చయిన ఆమె ఉత్తరాలు చెబుతున్నాయి. ఆమె తెల్లవారుజాము ప్రార్థన మానలేదు, రోగుల పుండ్లు కడగడం మానలేదు. మన గుంటూరుకు 1842లో వచ్చిన లూథరన్ మిషన్‌కు ఎవరి పేరుందో ఆ మార్టిన్ లూథర్ కూడా ఇలాంటి రాత్రులు గడిపినవాడే. కుంగిపోయి ఉన్న జెరోమ్ వెల్లర్ అనే యువకుడికి 1530లో ఉత్తరం రాస్తూ ఆయన చెప్పినవాటిలో ఒకటి ఒంటరితనం నుంచి పారిపొమ్మని. నలుగురిలో కూర్చో, నవ్వు, ఆడు అన్నాడు. మన ఊళ్ళలో దీనికి సరిపోయే సలహా: పాటలు పాడలేకపోయినా ఆరాధనకు వెళ్ళి వెనక వరసలో కూర్చోండి. మీ బదులు పక్కవాళ్ళు పాడతారు. ప్రభువు బల్ల మానవద్దు. రొట్టె చేతిలో పెట్టడానికి మీ గుండెలో వేడి ఉందా అని ఎవరూ అడగరు.

చివరిగా, సంఘ పెద్దలకు ఒక ప్రతిపాదన, మీకు ఒక మనవి. గుడ్ ఫ్రైడేకీ ఈస్టరుకీ మధ్య శనివారం మన చర్చిల్లో సున్నాలు వేయడానికి, రంగుకాగితాలు కట్టడానికి, తెల్లవారుజామున సమాధుల తోటలో పాడబోయే పాటల ప్రాక్టీసుకీ పోతుంది. ఆ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ఒక్క గంట గుడి తెరవండి. మైకు వద్దు, కీబోర్డు వద్దు, ప్రసంగం వద్దు. ఒకరు 88వ కీర్తన నిదానంగా చదవాలి. పది నిమిషాలు మౌనం. ఆ ఏడాది సంఘంలో పోయినవారి పేర్లు, జబ్బుతో ఉన్నవారి పేర్లు ఇంటిపేరుతో సహా చదవాలి. వచ్చినవాళ్ళు రాసుకొచ్చిన మొరలు చదవాలనుకుంటే చదవొచ్చు, లేకపోతే మడిచి బల్ల మీద పెట్టొచ్చు, వాటిని ఎవరూ విప్పకూడదు. ఆఖరున 13వ కీర్తన అందరూ కలిసి, "నేనైతే" దాకా. ఆశీర్వాదం ఆదివారానికి ఉంచి, దీపాలు తగ్గించి, మాట్లాడకుండా ఇళ్ళకు వెళ్ళాలి.

మీరు ఈసారి ఏడు మాటల వ్యాసం వేసినప్పుడు నాలుగో మాటకు రెండు పేరాలు ఎక్కువ ఇవ్వండి. దాని కింద చిన్న పెట్టెలో 14416 నంబరు అచ్చు వేయండి. ఆ రోజు పేపరు చాలా ఇళ్ళలో మడిచి బైబిల్లో పెట్టుకుంటారు.

ఇట్లు,
సంఘ పరిచర్యలో ఉన్న ఒక పాఠకుడు,
గుంటూరు